విశాఖ నుంచి అరకు దాకా: బెల్లం, పసుపు, కాఫీ వెంట నాలుగు రోజులు

సేంద్రియ తిండి కోసం విశాఖ చుట్టుపక్కల తిరగాలనుకుంటే సంక్రాంతి వెళ్లిన వారంలో బయల్దేరడం మంచిది. అనకాపల్లి వైపు చెరకు గానుగలు ఆడుతుంటాయి, పాడేరులో పసుపు తవ్వకం మొదలవుతుంది, అరకులో కాఫీ పళ్ల చివరి కోతలు నడుస్తుంటాయి. మే నెలలో వెళ్లినా ఈ సరుకులన్నీ దుకాణాల్లో దొరుకుతాయి గానీ, ఎలా తయారవుతాయో కళ్లారా చూసే వీలుండదు. చూడాల్సింది అదే. పొలంలో మందు కొట్టలేదన్న మాట నిజమే కావచ్చు. ఆ తర్వాత బెల్లం వండే పెనం దగ్గర, మిల్లు దగ్గర, ప్యాకెట్ కట్టే చోట ఏం కలిసిందో మాత్రం విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

మొదటి రోజు: విశాఖ నగరం

పొద్దున్నే రైతు బజారుతో మొదలుపెట్టాలి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం, గోపాలపట్నం: ఏది దగ్గరైతే అది. తొమ్మిది దాటితే ఆకుకూరలు వాడిపోతాయి, మంచివి అప్పటికే ఎవరో ఏరుకుపోయి ఉంటారు. ప్రకృతి వ్యవసాయం అని బోర్డు పెట్టిన స్టాల్ కనిపిస్తే నేరుగా "ఇది సేంద్రియమేనా?" అని అడక్కండి. అవుననే అంటారు. "పురుగొస్తే ఏం కొడతారు? జీవామృతం ఎన్ని రోజులకోసారి?" అని అడగండి. సొంతంగా పండించేవాళ్లయితే జీవామృతం అనే ఈ ద్రవ ఎరువు గురించి తడుముకోకుండా కొలతలతో సహా చెబుతారు: 200 లీటర్ల నీళ్లకు పది కిలోల ఆవుపేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి, నీడలో రెండు రోజులు పులియబెట్టి, పొద్దునా సాయంత్రం కలియబెట్టి, ఎకరానికి పారించడం. కొని తెచ్చి అమ్మేవాళ్లు ఇక్కడే తడబడతారు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సాగును 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ నడిపిస్తోంది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లో ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారంలో వాటా వచ్చింది. అయితే ప్రకృతి వ్యవసాయం వేరు, సర్టిఫికేట్ ఉన్న సేంద్రియం వేరు. ప్యాకెట్ సరుకు మీద జైవిక్ భారత్ గుర్తు, దానితో పాటు ఇండియా ఆర్గానిక్ ముద్ర గానీ, రైతు బృందాలు ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ఇండియా ముద్ర గానీ ఉండాలి. పీజీఎస్‌లో 'గ్రీన్' అని ఉంటే ఆ పొలం ఇంకా మార్పు దశలో ఉన్నట్టు. 'ఆర్గానిక్' అని ఉంటే ఆ దశ దాటినట్టు. ఇండియా ఆర్గానిక్ పద్ధతిలో మార్పు గడువు ఏటా వేసే పంటలకు రెండేళ్లు, కాఫీ, మిరియాల లాంటి బహువార్షిక పంటలకు మూడేళ్లు. 'సహజ', 'నాచురల్', 'ఫార్మ్ ఫ్రెష్' లాంటి మాటలు సేంద్రియానికి రుజువు కావు, వాటికి విలువ కట్టొద్దు. తన పంట తానే అమ్ముకునే చిన్న రైతుకు మాత్రం సర్టిఫికేట్ తప్పనిసరి కాదు. కాబట్టి గంపలో తెచ్చిన తోటకూర మీద ముద్ర లేదని పక్కన పెట్టేయనక్కర్లేదు.

ముద్ర లేనిచోట కూరగాయను బట్టి నిర్ణయించుకోవడం తెలివైన పని. కాలీఫ్లవర్, వంకాయ, బెండ, పచ్చిమిర్చి మీద మామూలు సాగులో మందులు ఎక్కువ పడతాయి. వీటికి నమ్మకమైన రైతు దొరకాలి. కంద, అరటిదూట, పనస, మునగ, గుమ్మడి లాంటివాటికి మందు అవసరం తక్కువ. కొత్తచోట మొదటిసారి కొనేటప్పుడు ఇవే తీసుకోండి.

ఎండెక్కేలోగా చోడి అంబలి తాగాలి. ఉత్తరాంధ్రలో రాగులంటే చోళ్లే. బీచ్ రోడ్డులో పొద్దుటి నడకకు వచ్చేవాళ్ల కోసం జావ, అంబలి బండ్లు పెడతారు. పులిసిన అంబలా, పిండి కలిపి అప్పటికప్పుడు మరిగించిన జావా అన్నది వాసనతోనే తెలిసిపోతుంది. ఇంట్లో చేసుకోవాలంటే గ్లాసు చోడి పిండిని రెండు గ్లాసుల నీళ్లలో రాత్రి కలిపి మూతపెట్టి ఉంచాలి. పొద్దున అర గ్లాసు బియ్యం నూకలను ఆరు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ కలపాలి. మంట తగ్గించకుండా పోస్తే ఉండలు కడుతుంది. ఆ ఉండల్లోపల పచ్చిపిండి అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎంత కలిపినా విడదు. పది నిమిషాలు ఉడికి పిండి రంగు ముదిరాక దించి, పూర్తిగా చల్లారాకే మజ్జిగ పోయాలి. వేడిమీద పోస్తే విరుగుతుంది. నంజుకోవడానికి ఉల్లిపాయ, ఉప్పులో ఊరిన మిరపకాయ.

సాయంత్రం గిరిజన సహకార సంస్థ దుకాణానికి వెళ్లొచ్చు. జీసీసీ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. 1956లో పెట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. తేనె, చింతపండు, కుంకుడుకాయ, కాఫీ పొడి ఇక్కడ తీసుకోవచ్చు. తేనె బొట్టు నీళ్లలో వేస్తే అడుక్కి దిగాలి, బొటనవేలి మీద వేస్తే జారకూడదు లాంటి పరీక్షలు నమ్మదగ్గవి కావు. చిక్కటి చక్కెర పాకం కూడా వాటిలో నెగ్గుతుంది. చలికి తేనె పేరుకోవడం కల్తీకి గుర్తు కాదు. సీసాను గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది. పొయ్యి మీద పెడితే సువాసన పోతుంది.

రెండో రోజు: అనకాపల్లి, మునగపాక

విశాఖ నుంచి జాతీయ రహదారిలో గంటకు అటూ ఇటూ ప్రయాణం. పొద్దున్నే బెల్లం మార్కెట్ యార్డుకు చేరాలి. పది కిలోలు దాటే దిమ్మలు వరుసలుగా పేర్చి ఉంటాయి. మొదటి రకం, రెండో రకం, మూడో రకం అని ధర పలుకుతుంది. ఆ రకాలు చాలావరకు రంగును బట్టే. పసుపు తేలిన తెల్లటి దిమ్మకు ఎక్కువ ధర, ముదురు రంగు దిమ్మకు తక్కువ. తంటా అంతా ఇక్కడే. మందుల్లేకుండా పండించిన చెరకు రసాన్ని ఏమీ కలపకుండా వండితే వచ్చేది గోధుమ రంగు బెల్లమే. దాన్ని యార్డుకు తెస్తే మూడో రకం ధర పలుకుతుంది. అందుకే సేంద్రియ బెల్లం వండేవాళ్లు యార్డును నమ్ముకోకుండా నేరుగా ఇళ్లకూ దుకాణాలకూ అమ్ముకుంటారు. యార్డు చూడ్డానికి వెళ్లండి, కొనడానికి మాత్రం గానుగ దగ్గరికి వెళ్లండి.

మునగపాక, కశింకోట వైపు ఊళ్లలో గానుగలూ, చెరకు రసం వండే పెనాలూ కనిపిస్తాయి. పొగగొట్టం, ఆరబెట్టిన చెరకు పిప్పి కుప్ప చూసుకుంటూ వెళితే చాలు. రసం పెనంలో పడ్డప్పటి నుంచి దిమ్మ కట్టేదాకా సుమారు మూడు గంటలు. సగంలో వెళ్లి చూస్తే అసలు విషయం తప్పిపోతుంది. మొదటి నుంచీ ఉండండి.

వడగట్టిన రసం వెచ్చబడేసరికి పైన నల్లటి మడ్డి తేలుతుంది. చెరకు రసానికి సహజంగా ఉండే పులుపును కొంచెం తగ్గించడానికి సున్నపుతేట పోస్తారు. పులుపు అలాగే ఉంటే పంచదార విరిగి బెల్లం గట్టిపడదు. సున్నం మోతాదు మించితే బెల్లం నల్లబడి నాలుక మీద సబ్బు రుచి తగులుతుంది. మడ్డిని పైకి లాగడానికి బెండ మొక్కల కాండాన్ని, లేదా బెండకాయలను, దంచి పిసికిన జిగురు పోస్తారు. ఆ జిగురుకు మలినాలు పట్టుకుని నురగలాగా పైకి వస్తాయి. వాటిని జల్లిగరిటెతో తీసేయాలి. రసం తెర్లడం మొదలయ్యాక మడ్డి మళ్లీ లోపలికి కలిసిపోతుంది, అందుకే తీసేదేదో ఆలోపే తీసేయాలి. తొందరపడే గానుగల్లో ఈ మెట్టు దగ్గరే పని చెడుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే హైడ్రోస్ డబ్బా బయటికి వస్తుంది.

హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, రంగు తీసే తెల్లటి పొడి. పాకంలో వేయగానే రంగు తేలిపోతుంది. కానీ ఆ తెలుపు నిలవదు. గాలి తగిలిన కొద్దీ, వారాలు గడిచే కొద్దీ దిమ్మ మళ్లీ ముదురుతుంది, గంధకం ఘాటు మాత్రం మిగులుతుంది. ఇంటికి తెచ్చిన తెల్లబెల్లం నెల తిరిగేసరికి నల్లబడితే దాని చరిత్ర అదన్నమాట. పెనం పక్కన ఏ డబ్బాలున్నాయో ఊరికే ఓ చూపు వేయండి. అడిగితే దాచిపెట్టేవాళ్లు తక్కువ. "కొనేవాళ్లకు తెలుపే కావాలండీ" అని నిజమే చెబుతారు.

దించే అదును 118 నుంచి 120 డిగ్రీల మధ్య. థర్మామీటర్ వాడేవాళ్లు అరుదు. చన్నీళ్ల గిన్నెలో చుక్క పాకం వేసి వేళ్లతో ఉండ చేసి, గిన్నె అంచుకు కొడతారు. ఠంగుమంటే దించేస్తారు. రెండు మూడు డిగ్రీల ముందే దించితే దిమ్మ మెత్తగా ఉండి వానాకాలంలో చెమట పడుతుంది. దాటితే అడుగంటి చేదెక్కుతుంది. నూరు కిలోల చెరకు నుంచి సుమారు అరవై కిలోల రసం, దాన్నుంచి పది కిలోల బెల్లం. ఈ లెక్క తెలిస్తే మంచి బెల్లం మరీ చవగ్గా ఎందుకు రాదో అర్థమవుతుంది.

రుచి చూసేటప్పుడు చిన్న ముక్క నాలుక మీద పెట్టుకుని కొరక్కుండా కరగనివ్వాలి. ఉప్పదనం తగిలితే నేలలోనో నీళ్లలోనో ఉప్పు ఉన్నట్టు, లేదా ఎరువు ఎక్కువైనట్టు. చెరకుకు ఆలస్యంగా యూరియా వేస్తే రసంలో పంచదార తగ్గి బెల్లం సరిగా గట్టిపడదు. దీన్ని గానుగవాళ్లే ముందు పసిగడతారు. ఏ పొలం చెరకు పాకానికి వస్తుందో, ఏది సతాయిస్తుందో వాళ్లకు కంఠతా ఉంటుంది. సేంద్రియ చెరకుకు వాళ్లు చెప్పే మాట ఏ ముద్రకూ తీసిపోదు. కుదిరితే దిమ్మ కట్టకముందు వేడి పాకం అరిటాకు ముక్క మీద వేయించుకుని తినండి. ఇంత దూరం వచ్చింది అందుకోసమే అనుకున్నా తప్పులేదు.

మూడో రోజు: చోడవరం, మాడుగుల, పాడేరు

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా మాడుగుల. ఇక్కడి హల్వా సేంద్రియం కాదు, ఆ సంగతి ముందే అనుకుందాం. గోధుమలూ పంచదారా నెయ్యీ మామూలు మార్కెట్‌వే. అయినా ఈ దారిన పోతూ ఆగకపోవడం అన్యాయం. రంగు పొడులూ గట్టిపరిచే మందులూ లేకుండా, ఓపికతోనే ఇంత నిల్వ ఉండే మిఠాయి చేయొచ్చని ఇది చూపిస్తుంది. గోధుమలను రెండు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను కాస్త పులియనిస్తారు. పైన తేరుకున్న నీటిని వంచేసి అడుగున మిగిలిన చిక్కటి పాలను పంచదార పాకంలో పోసి, నెయ్యి వేస్తూ ఆపకుండా కలుపుతారు. తేట సరిగా వంచకపోతే పులుపు మిగులుతుంది. కలపడం ఒక్క నిమిషం ఆపినా గడ్డలు కడుతుంది. పీల్చుకున్న నెయ్యిని హల్వా తిరిగి వదిలేదాకా పొయ్యి మీద ఉండాల్సిందే. అంతకుముందే దించితే పళ్లకు అంటుకుంటుంది. మంచి ముక్కను నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది. పావుకిలో చాలు, అంతకు మించి ఒక్కపూటలో తినలేరు.

మధ్యాహ్నంలోగా ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాలి. జనవరిలో సాయంత్రమైతే పొగమంచు దిగి మలుపులు కనిపించవు. పాడేరు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. దారిలో మినుములూరు దగ్గర కాఫీ తోటలు మొదలవుతాయి గానీ, వాటి సంగతి రేపు. ఇక్కడ చూడాల్సింది పసుపు.

తవ్విన కొమ్ములను కడిగి నీళ్లలో ఉడికిస్తారు. నురగ తేలి, పసుపు వాసన గాల్లోకి వచ్చి, పుల్ల గుచ్చితే సులువుగా దిగే దశలో దించాలి. ముక్కాలు గంట నుంచి గంట పడుతుంది. తక్కువ ఉడికితే లోపల రంగు సమంగా పరచుకోదు, ఎండాక పెళుసుగా విరుగుతుంది. ఎక్కువైతే రంగు చెడుతుంది. ఆ తర్వాత పది, పదిహేను రోజులు ఎండాలి. నూరు కిలోల పచ్చి పసుపుకు చేతికొచ్చేది ఇరవై కిలోలకు కాస్త అటూ ఇటూ. చాలామంది గిరిజన రైతులు రసాయన ఎరువుల జోలికే వెళ్లరు కాబట్టి పొలం దాకా అనుమానం తక్కువ. తేడా వచ్చేది మెరుగు పెట్టేటప్పుడూ పొడి కొట్టించేటప్పుడూనే. నున్నగా, ఒకే రంగులో నిగనిగలాడే కొమ్ములకు రంగు పూసి ఉండొచ్చు. గరుకుగా, మట్టిరంగు పైతోలుతో, విరిస్తే లోపల ముదురు నారింజ రంగు కనిపించే కొమ్ములు ఏరుకోండి. పొడి కొనకండి, కొమ్ములు కొని మీ ఊళ్లో కళ్లముందు ఆడించుకోండి. తప్పనిసరై పొడి కొంటే గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కదపకుండా ఉంచండి. మంచి పొడి అడుక్కి దిగుతూ నీళ్లను లేత పసుపు చేస్తుంది, రంగు కలిసినదైతే నీళ్లు చిక్కటి పసుపుపచ్చగా మారతాయి.

పాడేరు చుట్టుపక్కల వారపు సంతలున్నాయి. ఒక్కో ఊళ్లో వారంలో ఒక్కో రోజు. ముందురోజు బస చేసే చోట అడిగి మర్నాటి దారి దాన్నిబట్టి మార్చుకోవచ్చు. సామలు, చోళ్లు, రాజ్‌మా, పిప్పళ్లు, అడ్డాకులు, చీపుళ్లు వస్తాయి. సామలు కొనేటప్పుడు బూడిద రంగు తేలిన మురిగ్గా ఉన్నవే తీసుకోవాలి. తెల్లగా మెరిసేవి తవుడు పోయేలా పాలిష్ పట్టినవి. వండేముందు రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పెట్టాలి. నానబెట్టకపోతే పైన మెత్తగా, లోపల పలుకుగా ఉంటుంది.

రాత్రికి బొంగు కోడి. పచ్చి వెదురు బొంగు, కోడిమాంసం, అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం, అంతే. నూనె వేయరు, నీళ్లు పోయరు. పచ్చి బొంగులోని తేమే ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. ఎండిన బొంగైతే మాంసం ఉడికేలోపే అంటుకుని కాలిపోతుంది. ముక్కలను మూతిదాకా కుక్కేసి ఆకు బిరడా బిగిస్తే ఆవిరికి చోటుండదు, మధ్యముక్క పచ్చిగా మిగులుతుంది. పావువంతు ఖాళీ వదలాలి. బ్రాయిలర్‌కు నిప్పుల మీద తిప్పుతూ అరగంట, ముప్పావుగంట చాలు, నాటుకోడికి గంట దాటుతుంది. "పావుగంటలో ఇచ్చేస్తాం, నాటుకోడే" అంటే రెండింట్లో ఒకటి అబద్ధం. ముందే ఉడికించి బొంగులో పెట్టి వేడిచేసేవాళ్లూ, ప్యాకెట్ మసాలా, రంగు వేసేవాళ్లూ ఉన్నారు. బొంగు మీ ముందే నింపమనండి.

నాలుగో రోజు: అరకు, అనంతగిరి

పాడేరు నుంచి అరకు తక్కువ దూరమే అయినా మలుపుల వల్ల గంటన్నర పైనే పడుతుంది. పాడేరు వద్దనుకున్నవాళ్లు విశాఖ నుంచి తెల్లారి బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్‌లో సొరంగాలు చూసుకుంటూ నేరుగా ఇక్కడికే రావచ్చు.

ఇక్కడి అరబికా కాఫీకి 2019లో 'అరకు వ్యాలీ అరబికా' పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో గిరిజన రైతుల సహకార సంఘం పండించే కాఫీ 2017లో పారిస్‌లో సొంత దుకాణం దాకా వెళ్లింది. తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. నీడ ఉంటే పండు నిదానంగా పక్వానికొస్తుంది, రాలిన ఆకే ఎరువవుతుంది. ఎండ నేరుగా పడితే దిగుబడి కాస్త పెరిగినా ఎరువూ మందూ వెతుక్కోవాల్సి వస్తుంది.

పండు ఎర్రబడ్డాకే ఏరి కోయాలి. అందుకే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వస్తారు. కొమ్మ పట్టుకుని దూసేస్తే పచ్చికాయలు కలిసి కాఫీ వగరెక్కుతుంది. కోసినరోజే తొక్క తీసి, జిగురు పోయేదాకా తొట్టిలో పులియబెట్టి, కడిగి ఆరబెడతారు. వేళ్ల మధ్య రుద్దితే గింజ జారకుండా గరగరలాడాలి. అప్పుడు జిగురు పోయినట్టు. జనవరి చలిలో దీనికి ఒక రోజు పైనే పడుతుంది. గడియారం చూసి తీసేస్తే జిగురు మిగిలిపోతుంది, మరిచిపోయి వదిలేస్తే పులుపు వాసన గింజకు పడుతుంది. ఆరబెట్టేటప్పుడు నేలమీద పోస్తే మట్టివాసన. ఇక్కడి అసలు శత్రువు మంచు. సాయంత్రం కప్పకపోతే పగలు ఆరిన గింజ రాత్రి మళ్లీ తడిసి బూజు పడుతుంది. ఆరేడు కిలోల పళ్లకు ఒక కిలో గింజ దక్కుతుంది.

2025లో అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. గుండుసూది తలంత పురుగు పండు కొనకు రంధ్రం చేసి లోపలికి దూరుతుంది. సేంద్రియ తోటలకు ఇది గట్టి పరీక్ష. పురుగు పట్టిన పళ్లను ఏరి మరిగే నీళ్లలో ముంచి పూడ్చడం, ఎర బుట్టలు కట్టడం, పురుగును చంపే బవేరియా శిలీంధ్రాన్ని పిచికారీ చేయడం తప్ప దారి లేదు. నేల మీద రాలిన పళ్లు ఏరకుండా వదిలేస్తే పురుగు వచ్చే ఏటికి అందులోనే కాచుక్కూర్చుంటుంది. తోట చూడ్డానికి వెళ్లినవాళ్లు పళ్లు, గింజలు కోసుకుని జేబులో వేసుకోవద్దు. పురుగు పక్క తోటకు అలాగే చేరుతుంది.

కాఫీ కొనేటప్పుడు మూడు చూసుకోండి: అందులో కలిపే చికోరీ వేరు పొడి ఎంత శాతం, వేయించిన తేదీ, గింజా పొడా. వేయించి నెల దాటని గింజ దొరికితే ఇంకేమీ ఆలోచించొద్దు. చికోరీ అనుమానముంటే చల్లటి నీళ్ల మీద పొడి చల్లండి. కాఫీ తేలుతుంది, చికోరీ గోధుమ రంగు చారలు వదులుతూ మునుగుతుంది. సంత దారుల్లో విడిగా అమ్మే పొడి ఎంత చౌకైతే అంత అనుమానించాలి. కాఫీ మ్యూజియం దగ్గర చాక్లెట్లు సరదాగా తినడానికి బాగుంటాయి గానీ, వాటిని సేంద్రియం లెక్కలో వేయకండి. కాఫీ ఇక్కడిదైనా పంచదార, పాలపొడి ఎక్కడివో రేపర్ చూస్తేనే తెలుస్తుంది. బళ్ల మీద కనిపించే లంబసింగి స్ట్రాబెర్రీలకూ ఇదే మాట. చలిప్రాంతపు పండు అనగానే మందులు కొట్టరని అనుకోవద్దు, బూజు తెగులు మందులు పడే పంటే అది.

మిరియాలు మాత్రం ధైర్యంగా కొనొచ్చు. గుత్తిలో ఒకటి రెండు గింజలు నారింజ రంగుకు తిరిగినప్పుడు కోసి, మరిగే నీళ్లలో నిమిషం ముంచి ఎండబెడితే సమంగా నల్లబడతాయి. ముంచకుండా ఎండబెట్టినవి గోధుమ మచ్చలతో ఉంటాయి, రుచికి లోటేమీ లేదు. గుప్పెడు తీసుకుంటే బరువు తెలియాలి. తేలిగ్గా ఉంటే లేతప్పుడు కోసినవి.

తిరుగు దారి అనంతగిరి, శృంగవరపుకోట మీదుగా. ఇల్లు చేరాక సరుకు సర్దడంలో ఆలస్యం చేయొద్దు. పాలిష్ లేని సామల్లో తవుడు నూనె ఉంటుంది, బయట ఉంచితే కొన్ని వారాల్లో కారు వాసన వస్తుంది; ఫ్రిజ్‌లో పెట్టాలి. కాఫీని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, తేమతో పాటు పక్కనున్న వాసనలన్నీ లాగేస్తుంది. గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలని అరలో పెట్టి, కాచేముందు ఆ పూటకు సరిపడా మాత్రమే మర పట్టుకోండి: 250 మిల్లీలీటర్ల నీళ్లకు 15 గ్రాములు. బెల్లం దిమ్మను కాగితంలో చుట్టి డబ్బాలో పెట్టి, వానలు మొదలయ్యేలోగా వాడేయండి. అప్పటికి అడుగున చెమట పట్టిన ముక్క ఏమైనా మిగిలితే పారేయకుండా, మేడ మీద కుండీలకు జీవామృతం కలిపేటప్పుడు వేసేయొచ్చు.